అచ్చులోంచి దిగిన ఫైరింజన్

వార్తాపత్రిక అక్షరాలు పోతపోసిన యంత్రమే బొమ్మ ఫైరింజన్‌కి అమ్మమ్మ. ఇది తెలిసిన రోజు నేను మా ఇంట్లో అందరికీ చెప్పాను, ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. నిజమే, తెలుగువాళ్లకి ఇందులో వింతేముంది? బెల్లం పోసేదీ అచ్చే, కాగితం మీద పడేదీ అచ్చే. మన మాటలో ఎప్పుడో కలిసిపోయిన ఆ రెంటినీ షికాగోలో డౌస్ట్ సోదరులు తమ చేతులతో కలిపారు.

వాళ్లు లాండ్రీ వ్యాపారుల కోసం ఒక పత్రిక నడిపేవారు. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో చార్లెస్ డౌస్ట్ లైనోటైప్ యంత్రాన్ని చూశాడు. కరిగిన సీసం అచ్చులోకి దూరి, చూస్తుండగానే గట్టిపడి, ఒక వరస అక్షరాలై బయటికొస్తోంది. అక్షరాలు పోసేది గుండీలు పోయదా అనుకున్నాడు. పోసింది. చాకలి బట్టల పత్రికవాళ్లు కదా, ముందు కాలరు గుండీలు, ఆనక బుల్లి బొమ్మలు, ఆ తర్వాత కార్లు. ఆ బొమ్మలకి టూట్సీటాయ్ అన్న పేరు ఆ ఇంటి పాప ముద్దుపేరు మీద వచ్చింది. అంతకుముందు ఫైరింజన్ బొమ్మంటే పోత ఇనుముదో రేకుదో. కాలిమీద పడితే పిల్లాడు ఏడవాల్సిందే.

ఇంగ్లండులో లివర్‌పూల్ నుంచి వచ్చిన డింకీ బొమ్మలకి ఆ పేరు 1934లో స్థిరపడింది. అప్పటికి సీసం పోయి తుత్తునాగం వచ్చింది. అందులో కొంచెం అల్యూమినియం, రాగి, మెగ్నీషియం కలుపుతారు. ఆ మిశ్రమంలోకి పొరపాటున కాస్త సీసం చేరిందా, ఏళ్లు గడిచాక బండి దానంతటదే పగుళ్లిచ్చి, ఉబ్బి, పొడిపొడిగా రాలిపోతుంది. యుద్ధానికి ముందరి డింకీలకి ఈ జబ్బు ఎక్కువ. మందు లేదు. అద్దాల బీరువాలో దాచినా ఆగదు.

ఇక నాకు ఇష్టమైన కాలానికి వస్తాను. 1947లో లెస్లీ స్మిత్, రాడ్నీ స్మిత్ అనే ఇద్దరు స్నేహితులు (ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు) తమ పేర్లలో చెరో ముక్క తీసి లెస్నీ అని కంపెనీ పెట్టారు. లండన్ ఉత్తరాన ‘రైఫిల్‌మాన్’ అనే పాడుబడ్డ సారాయి దుకాణమే వాళ్ల కర్మాగారం. పోతపనిలో చేయితిరిగిన జాక్ ఓడెల్ వచ్చి కలిశాడు. వాళ్లు చేసేవి యంత్రభాగాలు, బొమ్మలు కావు. అయితే ఏడాది చివర గోదాముల్లో ఉన్న సరుకు మీద పన్ను లెక్క పడేది కాబట్టి, ఆ రోజుల్లో ఎవరూ కొత్తగా ఆర్డరు ఇచ్చేవారు కారు. యంత్రాలు ఖాళీగా ఉండటమెందుకని 1948లో ఒక రోడ్డు రోలరు బొమ్మ పోశారు. అలా పన్ను పుణ్యమా అని పుట్టిందీ వ్యాపారం.

ఓడెల్ కూతురి బడిలో ఒక నియమం: అగ్గిపెట్టెలో పట్టే బొమ్మయితేనే బడికి తెచ్చుకోవచ్చు. తండ్రి కూర్చుని ఇత్తడితో బుల్లి రోడ్డు రోలరు చేసి, అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. మర్నాడు తోటిపిల్లలందరికీ అలాంటిదే కావాలి! 1953లో మ్యాచ్‌బాక్స్ వరస మొదలైంది. అందులో తొమ్మిదో నంబరు, 1955లో వచ్చిన ఎర్రటి డెన్నిస్ ఫైరింజన్. బడి పంతుళ్లు పెట్టే ఆంక్షల వల్ల లోకానికి ఇంత మేలు జరగడం నేనింకెక్కడా వినలేదు.

అయినా ఓడెల్ మనసు పాత బళ్ల మీదే. 1956లో ‘మోడల్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్’ పేరుతో పాతకాలపు వాహనాల వరస తెచ్చారు. అందులో 1960లో గుర్రాలు లాగే షాండ్ మేసన్ ఆవిరి ఫైరింజన్ వచ్చింది. అసలు బండి తమాషా చూడండి: గుర్రాలు బండిని లాగుతాయి, నీళ్లు తోడేది ఆవిరి. అంటే నిప్పు ఆర్పడానికి పోయేవాళ్లు ముందు తామే నిప్పు రాజేసుకుని బయల్దేరాలి! మొదటి బొమ్మల మీద కెంట్ అని, తర్వాతి వాటి మీద లండన్ అని ఉంటుంది. ఆ ఒక్క మాట కోసం సేకర్తలు భూతద్దాలు పట్టుకుని తిరుగుతారు.

నాకు కోపం ఇక్కడే. ఇప్పుడు బొమ్మకంటే పెట్టెకి వెల ఎక్కువ. రంగు లేచిపోయిన బండిని అమ్మేవాళ్లు సిగ్గుపడుతూ చూపిస్తారు. పిల్లల చేతుల్లో అరిగిన బండే కదా తన పని తాను చేసిన బండి? మెరుస్తూ మిగిలినదాంతో ఎవరూ ఆడలేదు, అంతే. మన హైదరాబాద్ జుమ్మేరాత్ బజారులో నేను కొన్న ఎర్ర బండికి నిచ్చెన లేదు, ఒక చక్రం వంకర. “సత్తుదేనా?” అని అడిగితే అమ్మినాయన అరచేతిలో తూచి చూసి, “బరువుంది సార్, తీసుకోండి” అన్నాడు. అంతకంటే నిజాయితీగల ధ్రువపత్రం నేను చూడలేదు.

1968లో అమెరికా నుంచి హాట్ వీల్స్ బొమ్మకార్లు దిగాయి, నేలమీద జారిపోయే చక్రాలతో. లెస్నీ తేరుకోలేక 1982 జూన్‌లో దివాలా తీసింది. ఓడెల్ ఊరుకున్నాడా? అదే ఏడు ఇంకో కంపెనీ పెట్టి, తన పేరునే తిరగేసి లెడో అన్నాడు. ఆ కంపెనీ తొలి వరసలోనూ షాండ్ మేసన్ గుర్రపు ఫైరింజన్ ఉంది. ఒకే బండిని మనిషి రెండుసార్లు పోశాడంటే దాన్ని వ్యాపారమనలేం.

మనకీ ఈ కథలో కొంత చోటుంది. డింకీవాళ్ల పాత అచ్చులు కొన్ని కలకత్తా చేరి, నిక్కీ టాయ్స్ పేరుతో బొమ్మలయ్యాయి. ఇక బొమ్మ కాని అసలు బండి మనవాళ్లదే ఒకటుంది: ఇంగ్లండులోని సాల్‌ఫోర్డ్‌లో జాన్ మోరిస్ కంపెనీ 1914లో చేసిన ఫైరింజన్. నిజాం రైల్వే దాన్ని వాడింది. ఇప్పుడది ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది, పాతకార్ల ర్యాలీల్లో కూడా పాల్గొంది. ఈసారి ఢిల్లీ వెళ్తే రైళ్లు చూసి వచ్చేయకండి. ఆ ఎర్రబండి దగ్గర కాసేపు నిలబడండి, అది మన ఊరిది.