బిల్డర్ బిల్లు ఆపేస్తే బిల్డింగ్‌పై లీన్ వేయొచ్చా? కాంట్రాక్టర్లు తెలుసుకోవాల్సింది ఇదే

ఇబ్రహీంపట్నం: స్లాబ్ పడింది, బిల్లు మాత్రం రాలేదు. బిల్డర్ ఫోన్ ఎత్తడు. సెంట్రింగ్ వాళ్లకు, మేస్త్రీలకు శనివారం కూలి ఇవ్వాల్సింది కాంట్రాక్టరే. ఆదిభట్ల, బొంగ్లూరు వైపు వెంచర్లలో పనులు పట్టే చిన్న కాంట్రాక్టర్లకు ఇలాంటప్పుడు వచ్చే డౌట్ ఒక్కటే. కట్టిన బిల్డింగ్ మీదే లీన్ వేయొచ్చా?

సూటిగా చెప్పాలంటే, కుదరదు. డాలస్‌లో ఉన్న చుట్టాలు చెప్పే 'మెకానిక్స్ లీన్' అమెరికా చట్టం. వాషింగ్టన్ నగరం కడుతున్న రోజుల్లో, 1791లో మేరీల్యాండ్ రాష్ట్రం దాన్ని తెచ్చింది. అక్కడ డబ్బు రాకపోతే ఆ ఆస్తి మీదే క్లెయిమ్ రికార్డు చేయించొచ్చు. మన దగ్గర అలాంటి చట్టం లేదు.

మనకున్నది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలోని సెక్షన్ 170. అది వస్తువులకే. రిపేరుకు గేటు తెచ్చిచ్చారనుకోండి, పని పూర్తయ్యాక కూలి ఇచ్చేదాకా వెల్డింగ్ షాపు వాళ్లు ఆ గేటు ఆపుకోవచ్చు. అదే గేటు గోడకు బిగించాక ఆ హక్కు పోయినట్టే. కోపంతో ఫ్లాట్‌కు తాళం వేసినా, బిగించిన తలుపులు ఊడదీసినా రివర్స్‌లో మీ మీదే క్రిమినల్ కేసు పడొచ్చు.

మరి కోర్టుతో ఆస్తి అటాచ్ చేయిస్తే? సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5 ఉంది. కానీ అంత ఈజీ కాదు. డబ్బు ఎగ్గొట్టడానికే ఆస్తి అమ్ముతున్నాడని చూపించాలి. సెక్యూరిటీ లేని బాకీని సెక్యూరిటీ ఉన్న బాకీగా మార్చుకోవడానికి ఈ రూల్ కాదని రామన్ టెక్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

అందుకే కాంట్రాక్టర్ బలమంతా పని నడుస్తున్నప్పుడే. వర్క్ ఆర్డర్‌లో స్టేజీల వారీగా బిల్లు, ఇన్ని రోజుల్లో డబ్బు రాకపోతే పని ఆపే హక్కు రాయించుకోవాలి. కొలతల మీద సైట్ ఇంజినీర్ సంతకం ఎప్పటికప్పుడు తీసుకోవాలి. నోటి మాట మీద రెండో స్లాబ్ మొదలుపెట్టారా, ఇక బతిమాలుకోవడమే.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పని ఒప్పుకునే ముందే ఉంటే మంచిది. 2006 ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు గరిష్ఠంగా 45 రోజుల్లో చెల్లించాలి. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. అయితే మెటీరియల్, లేబర్ కలిసిన వర్క్స్ కాంట్రాక్టులకు ఇది వర్తిస్తుందా అన్నదానిపై హైకోర్టుల తీర్పులు ఒకేలా లేవు. లాయర్‌ను అడిగాకే ముందుకెళ్లండి.

చెక్కు బౌన్స్ అయితే లెక్క వేరు. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. అది అందాక 15 రోజుల్లో డబ్బు రాకపోతే, తర్వాతి నెలలోగా కోర్టులో కంప్లైంట్ వేయాలి. ఇక మామూలు సివిల్ దావాకు గడువు మూడేళ్లు. చెల్లింపు తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది.