అపరాధ పరిశోధక కథామాలికలు – పాఠకుల ద్వైధీభావము

సికిందరాబాదు నగరము మూడవ నిజామగు సికందర్ జా పేర 1806 వ సంవత్సరమున వెలసినది. ఆంగ్లసేనల దండువిడిదిగా పెరిగిన యీ నగరమునకు 1874 లో ధూమశకట మార్గము వచ్చెను. హైదరాబాదున 1901 లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, హనుమకొండలో 1904 లో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయమును స్థాపింపబడిన పిమ్మట, 1905 లో సికిందరాబాదున ఆంధ్ర సంవర్ధినీ గ్రంథాలయము నెలకొన్నది. ఈ సంగతుల నొక్కచోట జేర్చుటకు కారణము గలదు. దండు ఆంగ్లపు గ్రంథముల దెచ్చినది. రైలు చౌకవెల పుస్తకముల దెచ్చినది. గ్రంథాలయము తెలుగు చదువరిని సిద్ధపరచినది. ఈ మూటి కలయికచేతనే పండితులు చాలకాల మెన్నికచేయని యొక పాఠకలోకము పుట్టినది. అది అపరాధ పరిశోధక నవలలు చదువు లోకము.

పండితామోదము పొందిన గ్రంథములు బీరువాలలో నుండెను. ఈ నవలలు దిండ్లక్రింద నుండెను. అయినను వీనిని చదివినవారు విమర్శనజ్ఞానము లేనివారని తలచుట పొరపాటు. ఒకే పరిశోధకుడు నాయకుడుగా పదులకొలది కథలు వెలువడునప్పుడు ప్రతి క్రొత్తకథను గూర్చియు పాఠకులు రెండు పక్షములుగా చీలుదురు. పూర్వపు కథవలె నున్నదని మెచ్చువారు కొందరు. పూర్వపు కథవలెనే యున్నదని నిందించువారు కొందరు. ఒక్క గుణమునే యొకరు ప్రశంసగను మరియొకరు దూషణముగను జెప్పుట యీ సాహిత్యమున కసాధారణమైన లక్షణము. ఈ చీలికయే మాలికా కథలను నడిపించినది.

మొట్టమొదటి గొప్ప నిదర్శనము ఇంగ్లండుదేశమున గానవచ్చును. ఆర్థర్ కానన్ డాయిల్ 1887 లో సృష్టించిన షెర్లాక్ హోమ్స్ అను పరిశోధకుడు 1891 నుండి స్ట్రాండు మాసపత్రికలో మిక్కిలి ప్రసిద్ధి కెక్కెను. గ్రంథకర్త విసిగి, 1893 డిసెంబరు సంచికలో నాయకుని జలపాతమున గూల్చెను. చందాదారులు వేలకొలదిగా పత్రికను మానివేసిరి; కోపముతో జాబులు వ్రాసిరి. 1901 లో నొక పాతకాలపు సాహసముగా బాస్కర్విల్ జాగిలపు కథ వెలువడెను. 1903 లో నాయకుడు మరణింపనేలేదని ప్రకటింపబడెను. పాఠకులు సంతసించిరి. అయినను కార్న్‌వాల్ ప్రాంతపు పడవవా డొకడు, హోమ్స్ కొండనుండి పడి చావకపోయినను పిమ్మట మునుపటి మనిషి కాలేదని తనతో ననెనని డాయిలే తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. పాఠకునకు నాయకుడు కావలెను. కాని తిరిగివచ్చిన నాయకుడు పాతవాడే యని నమ్మకము గలుగవలెను.

రెండవ నిదర్శన మింతకంటె తీక్ష్ణమైనది. అగథా క్రిస్టీ 1920 లో ప్రవేశపెట్టిన పోయిరో అను పరిశోధకుని కథలలో 1926 లో రోజర్ అక్రాయిడ్ హత్యను గూర్చిన నవల వెలువడెను. హంతకుని దాచిన పద్ధతి మోసమని కొందరును, అద్భుత కౌశలమని కొందరును వాదించిరి. ఆ శాఖయందే ప్రసిద్ధురాలగు డరొతీ సేయర్స్, ప్రతివానిని శంకించుట పాఠకుని ధర్మమని గ్రంథకర్త్రిని సమర్థించెను. 1929 లో రోనాల్డ్ నాక్స్ పది నియమములు కూర్చి, నేరస్థుడు కథారంభముననే కానరావలెననియు, అతని మనస్సులోని యాలోచనలను పాఠకునకు జూపరాదనియు మొదటి నియమముగా విధించెను. పాఠకుల తగవే యిచ్చట శాస్త్రమునకు ప్రేరకమైనది. ఆ పోయిరోయే 1975 లో నవలలో మరణించినప్పుడు న్యూయార్కు టైమ్సు పత్రిక తన మొదటి పుటలో మరణవార్త ప్రకటించెను.

భారతదేశమున వంగీయు లీ మార్గమున ముందుగా నడచిరి. ప్రియనాథ ముఖోపాధ్యాయుడు 1892 నుండి దరోగా దప్తరను పేర తన రక్షకభటోద్యోగపు అనుభవములను కథలుగా వెలువరించెను. పాంచకడి దే నవలలు పలుభాషలలోనికి బోయినవి. తెలుగువారికిని అపరాధ పరిశోధన కథలు మొదట వంగభాషనుండియు నాంగ్లమునుండియు ననువాదములుగనే సంక్రమించినవి. శరదిందు బంద్యోపాధ్యాయుడు 1932 లో బ్యోమకేశుని సృష్టించి, అతడు తన్ను డిటెక్టివనక సత్యాన్వేషియని చెప్పుకొనునట్లు చేసెను. నాయకునకు వివాహమైన పిమ్మట పాఠకుల కతనియం దభిరుచి యుండదని తలచెనో యేమో, 1936 ప్రాంతమున రచన నిలిపెను. పాఠకుల యభిరుచి తగ్గలేదు. పదునైదేండ్లు గడచిన పిదప, 1951 లో వారి కోరికమీదనే మరల వ్రాయవలసి వచ్చెను. గ్రంథకర్త యూహకంటె పాఠకుని మమకారము దృఢతరమని దీనివలన తేలుచున్నది.

జంటనగరములలో తెలుగుతోపాటు ఉర్దూ పాఠకులును సమృద్ధముగా గలరు. 1952 లో అలహాబాదునుండి ఇబ్నె సఫీ ప్రారంభించిన జాసూసీ దునియా యను నవలామాలయు, 1955 నుండి వెలువడిన ఇమ్రాన్ కథలును దేశమందలి ఉర్దూ పాఠకలోకము నాకర్షించినవి. వ్యాధిచే గ్రంథకర్త 1960 మొదలు 1963 వరకు మౌనము వహింపగా ననుకర్త లనేకులు బయలుదేరిరి. 1963 లో డేఢ్ మత్‌వాలే యను నవలతో నతడు తిరిగి వచ్చినప్పుడు ప్రతులన్నియు త్వరలోనే చెల్లిపోయి మరల ముద్రింపవలసి వచ్చెను. ఒకేవిధమైన కథ యందరును వ్రాయగలరు. ఒకే నాయకుని మాత్రము వానిని కన్నవాడే నడపగలడు. ఆ భేదమును పాఠకులు గుర్తింపగలరు.

ఇక తెలుగునాటి సంగతి. కొవ్వలి లక్ష్మీనరసింహారావు వేయి నవలలు వ్రాసి రైళ్లలో చదువు నలవాటును తెలుగువారికి గలిగించెను. అపరాధ పరిశోధన శాఖయందు కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధరుడు, అతని సహాయకుడు రాజు ఇంటింట పరిచితులైరి. టెంపోరావు మొదలగువారు నాశాఖను పెంచిరి. 1970 తరువాతి దశకములలో మధుబాబు షాడో యను గూఢచారిని నాయకునిగా జేసి మరియొక పాఠకవర్గమును సంపాదించెను. యుగంధరునియందు యుక్తిని గోరినవారు షాడోయందు సాహసమును, పోరాటమును జూచి ఇది పరిశోధన కాదనిరి. షాడో నభిమానించినవారికి పాతకథలు మందగమనములుగా దోచెను. ఈ తగవునకు రంగస్థలము పత్రికలకంటె నెక్కువగా అద్దె గ్రంథాలయములును, రైలు ప్రయాణములును. సికిందరాబాదు స్టేషనువంటి కూడలిలో బండి కెదురుచూచు ప్రయాణికుడు కొన్న పుస్తకము ఊరు చేరులోపల పదిమంది చేతులు మారుట తెలిసినదే.

అద్దె పుస్తకముల యంచులలో చదువరులు వ్రాసిన వ్రాతలు మొరటైనను విమర్శలే. హంతకుని పేరు మొదటి పుటలోనే గీచిపెట్టి పరుల యానందమును చెడగొట్టు చిలిపివా రుండిరి. కడపటి పుటలో 'ముందే తెలిసిపోయెను' అని గర్వముతో వ్రాయువారును ఉండిరి. నేరస్థుడు కడపట నాకసమునుండి యూడిపడెననుట యొక యాక్షేపణ. పరిశోధకుడు పాఠకునకు జూపని యాధారముతో గెలిచెననుట వేరొకటి. నాయకుడు తన స్వభావమునకు తగని పనిచేసెననుట మూడవది.

ఈ యాక్షేపణలు పండితులకు క్రొత్తవి కావు. బీజము ముఖసంధియందే నాటవలెననియు, ప్రతిముఖసంధియందు కనబడుచు మరుగుపడుచు నుండవలెననియు, నిర్వహణమున చెదరిన యర్థములన్నియు నొక్కటి కావలెననియు నాట్యశాస్త్రము చెప్పినది. నేరస్థుడు కడపట నూడిపడెనని కోపించు చదువరి బీజన్యాసము లేదనుచున్నాడు. నాయకుడు మారిపోయెనని దుఃఖించువాడు క్షేమేంద్రుడు పదునొకండవ శతాబ్దమున జర్చించిన యౌచిత్యమునే యడుగుచున్నాడు. ముద్రారాక్షసమున నొక యుంగరము సమస్త కుట్రకును సూత్రమైనది. మృచ్ఛకటికము తొమ్మిదవ యంకమున చేయని హత్యకు చారుదత్తుడు న్యాయసభలో నిలువబడినాడు. వీనిని పాఠముచెప్పు పండితుడు, తన విద్యార్థి దిండుక్రింది పుస్తకమును లాగివేయుటకు ముందు, అందలి కథ నతడేల మెచ్చెనో, ఏల మెచ్చలేదో యడిగినచో సంధిపంచకమును బోధించుటకు సులభమైన మార్గము దొరకును.

ఈ శాఖను తుచ్ఛమని త్రోసివేయువారు మరువరాని సంగతి యొకటి కలదు. సమగ్రాంధ్ర సాహిత్యమును రచించి మన వాఙ్మయచరిత్రకు మహోపకారము చేసిన ఆరుద్రయే పలకల వెండిగ్లాసు మొదలగు డిటెక్టివు నవలలు వ్రాసెను. ప్రాచీన కవుల కాలనిర్ణయమునకు శాసనములు వెదకిన బుద్ధియు, కల్పితహత్యకు నాధారములు వెదకిన బుద్ధియు నొక్కటియే. చరిత్రకారుడును పరిశోధకుడే; చిన్నచిన్న గుర్తులనుండి జరిగినదానిని నిర్ణయించుటయే యిరువురి వృత్తి.

అట్టి గుర్తులే నేడు నశించుచున్నవి. దూరదర్శనము వ్యాపించిన పిమ్మట అద్దె గ్రంథాలయము లనేకము మూతపడినవి. నాసిరకపు కాగితముపై ముద్రించిన నవలలు తూకమునకు పోయినవి. వానితోపాటు అంచులలోని వ్రాతలును, అద్దె పద్దులును బోయినవి. తాళపత్రమున నొక యజ్ఞాతలేఖకుడు వ్రాసిన గద్య మెంత విలువైనదో, అద్దె నవల యంచున నొక యజ్ఞాత పాఠకుడు వ్రాసిన కోపవాక్యమును నంత విలువైనదే. ఒకటి గ్రంథము నెవరు వ్రాసిరో చెప్పును. రెండవది దాని నెవరెట్లు చదివిరో చెప్పును. రచనల చరిత్రతో పఠనచరిత్రయు గూడినప్పుడే వాఙ్మయచరిత్ర పూర్ణమగును. కావున గ్రంథాలయములును, పరిశోధక సంఘములును మిగిలిన ప్రతులను శుభ్రపరచు నెపమున నంచుల వ్రాతలు చెరపివేయక యట్లే భద్రపరుపవలెను. చిరిగిన యట్టలుగల యా పుస్తకములలో హంతకుడెవడో తేలిపోయినది; వానిని చదివిన జనుల చరిత్ర మాత్ర మింకను పరిశోధకుని కొరకు వేచియున్నది.