పరంగికొండ సిలువ ఎవరిది?

అండమానులోని డిగ్నాబాద్ నుంచి ఓడెక్కి చెన్నై వెళ్ళే మన తెలుగు క్రైస్తవులు వీలు చూసుకుని పరంగికొండ ఎక్కి వస్తుంటారు. సెయింట్ థామస్ మౌంట్ అన్నా అదే. కొండమీది గుడిలో బలిపీఠం వెనక గోడకు అమర్చిన రాతి సిలువను చూసి, అపొస్తలుడైన తోమా దాన్ని స్వహస్తాలతో చెక్కాడనీ, దాన్ని పట్టుకునే ప్రాణం విడిచాడనీ విని వస్తారు. దీనికి ఎదురుగా ఇంకో మాట బలపడుతోంది: తోమా కథంతా పోర్చుగీసుల కల్పనేనని. ఈ రెండు వాదాలూ రాతిని సరిగా చూడనివే.

తొలి ఘట్టాలు అందరికీ తెలిసినవే. మూడో శతాబ్దపు సిరియా గ్రంథం ‘తోమా కార్యములు’ ఆయన్ను భారతదేశానికి పంపి, ఈటెలతో చంపిస్తుంది. నాలుగో శతాబ్దం నాటికి ఎముకలు ఎడెస్సాలో ఉన్నాయి. 1258లో ఇటలీలోని ఒర్తోనా చేరాయి. 1293 ప్రాంతంలో ఇటు వచ్చిన మార్కో పోలో మైలాపూరులోని తోమా సమాధి గురించి, రోగాలు నయమవుతాయని యాత్రికులు అక్కడి ఎర్రమట్టి తీసుకుపోవడం గురించి రాశాడు.  కనుక పోర్చుగీసులు రాకముందు రెండు వందల ఏళ్ళ నాడే మైలాపూరులో తోమా పేరిట యాత్ర సాగుతోంది. కల్పన వాదం ఇక్కడే వీగిపోతుంది. అయితే తోమా చెక్కిన సిలువ మాట మార్కో పోలో ఎత్తడు.

ఆ మాట పుట్టింది 1547 తర్వాత. పోర్చుగీసులు 1523లో మైలాపూరు సమాధి తవ్వి ఎముకలు, ఈటె మొన బయటికి తీశారు. 1547లో కొండమీద గుడి పునాదులు తవ్వుతుంటే ఈ పలక దొరికింది. దానిమీది మరకలు నెత్తురేనన్నారు. 1558 డిసెంబరు 18న పూజ జరుగుతుండగా సిలువ చెమర్చిందన్న వార్త పుట్టింది. మైలాపూరు దగ్గరి శాంతోమ్‌లో స్థిరపడిన పోర్చుగీసులు గోవా అధికారానికి దూరంగా, విజయనగరం నేలమీద బతుకుతున్న వర్తకులు, సిపాయిలు. 1559 ప్రాంతంలో అళియ రామరాయలు వాళ్ళమీదికి దండెత్తి వచ్చి సొమ్ము రాబట్టాడు. అలాంటి ఊరికి అపొస్తలుడి అండ ఎంత అవసరమో ఊహించడం కష్టం కాదు. ఆ భయమే చెమటను పుట్టించిందని మాత్రం నేననను. రెండూ దగ్గర దగ్గర కాలంలో జరిగాయి, అంతే.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. సిలువ చుట్టూ ఉన్న రాత ఎవరికీ అర్థం కాలేదు. విజయనగర రాజ్యానికి చెందిన ఒక బ్రాహ్మణ పండితుణ్ణి పిలిపించారు. ఆయన ఒక్కో గుర్తుకు ఒక్కో వాక్యం చొప్పున తోమా జీవితచరిత్ర మొత్తం చదివి వినిపించాడు. ఆ పాఠం పోర్చుగల్ దాకా వెళ్ళి గ్రంథాలకెక్కింది. ‘తోమా చెక్కిన సిలువ’ అన్న నమ్మకానికి గట్టి ఊతం ఆ చదువే. అందులో ఒక్క ముక్కకూ రాతిమీద ఆధారం లేదు.

అది పహ్లవీ రాత, అంటే పాత పారసీక లిపి. 1873లో బర్నెల్ అనే పండితుడు ఆ సంగతి తేల్చాక పండితులు పాఠం మీద తగువులాడుతూనే ఉన్నారు. 1920ల చివర వించ్‌వర్త్ ఇచ్చిన పాఠం ప్రకారం అది సిలువ చెక్కించిన పారసీక నామధారి మీద దయ చూపమని క్రీస్తును వేడుకునే ప్రార్థన. రాతిమీద చూడండి: రెండు స్తంభాలు, వాటి మీద మకరాలు, మకరాల నోళ్ళ నుంచి లేచిన తోరణం, లోపల చివరలు మొగ్గల్లా విచ్చిన సిలువ, పైన తలకిందులుగా దిగుతున్న పావురం, కింద రెండు వైపులా ఒరిగిన రేకులు. మన గుడి ద్వారాల మకరతోరణాన్ని చెక్కిన చేతులే దీన్నీ చెక్కి ఉంటాయి. చెక్కించినవాడు మాత్రం పారసీక వర్తకుడో, మతగురువో. కేరళలోని కొట్టాయం వలియపళ్ళిలోనూ ఇదే రాత ఉన్న సిలువలున్నాయి. 849 నాటి కొల్లం రాగిరేకుల మీద సాక్షులు పహ్లవీలో సంతకాలు చేశారు. 851 నాటి అరబ్బీ యాత్రావృత్తాంతం పారసీక సింధుశాఖ నుంచి చైనా వెళ్ళే ఓడల దారిలో నికోబారును, మన అండమానును పేర్కొంటుంది. ఆ దారిలో తిరిగినవాళ్ళ ప్రార్థన ఇది.

1599లో కేరళలోని ఉదయంపేరూరు సభలో గోవా ఆర్చిబిషప్ మెనెజిస్ పారసీక సంఘపు గ్రంథాలను నెస్తోరియన్ తప్పుడు బోధలని నిషేధించి, తగలబెట్టించాడు. అదే పోర్చుగీసు సంఘం అదే పారసీక సంఘపు సిలువ ముందు మోకరిల్లింది. తోమా పేరు పెట్టారు కాబట్టే రాయి బతికింది. ఆ పేరు లేని గ్రంథాలు బూడిదయ్యాయి. నష్టం ఎంతటిదో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది.

ఇవాళ సిలువకు ఆదరణ పెరిగింది. 1986లో పోప్ రెండో జాన్ పాల్ కొండకు వచ్చి వెళ్ళాడు. డిసెంబరు 18 పండుగ సాగుతోంది. భక్తుల విశ్వాసంతో నాకు పేచీ లేదు. పేచీ అంతా నూటయాభై ఏళ్ళ కిందటే కొట్టుకుపోయిన ఆ బ్రాహ్మణ పండితుడి పాఠాన్ని ఇంకా అచ్చేస్తున్న పుస్తకాలతోనే. సిలువది ఏడు నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా అని చెప్పే కాలనిర్ణయం ప్రధానంగా అక్షరాల వాటాన్ని, శిల్పరీతిని బట్టి చేసినదే కనుక దాన్నీ పట్టుకుని వేళ్ళాడకూడదు. ఏ లెక్కన చూసినా తోమా కాలానికీ ఆ ఉలిదెబ్బలకూ మధ్య కనీసం ఐదు వందల ఏళ్ళ ఎడం ఉంది.