పాత మిద్దెకు కొత్త కరెంటు: ముందు పొదుపు, తర్వాత సోలార్

శ్రీ సత్యసాయి జిల్లాలో ఎండకూ గాలికీ కొదవ లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు ఎన్నో ఏళ్లుగా తిరుగుతున్నాయి. ఎన్‌పీ కుంట సోలార్ పార్కులో ఎన్టీపీసీ 250 మెగావాట్ల ప్లాంటు 2016లో పూర్తయింది. ఆ కరెంటంతా గ్రిడ్‌లోకి పోతుంది. అదే జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ఇళ్లలో మాత్రం ఎండాకాలం బిల్లు చూస్తే గుండె గుభేలుమంటుంది. దీనికోసం కొత్త ఇల్లు కట్టనక్కర్లేదు. ఉన్న ఇంట్లోనే బిల్లు తగ్గించే దారులున్నాయి. కాకపోతే ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియాలి.

బిల్లు ఎక్కడ ఎక్కుతుంది?

రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన శ్లాబుల ప్రకారం గృహ వినియోగంలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు. 126 నుంచి 225 వరకు 6 రూపాయలు, 226 నుంచి 400 వరకు 8.75 రూపాయలు. అంటే మిగిల్చే ప్రతి యూనిట్ పైనున్న ఖరీదైన శ్లాబు నుంచే తగ్గుతుంది.

నెలకు 280 యూనిట్లు కాల్చే ఇల్లు అనుకుందాం. అందులో 5 పాత ఫ్యాన్లు, ఒక్కొక్కటి 75 వాట్లు, రోజుకు 12 గంటలు తిరుగుతాయి. వాటి చోట 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నెలకు 81 యూనిట్లు మిగులుతాయి. పై శ్లాబుల లెక్కన ఇది సుమారు 637 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు దీనికి అదనం. సీలింగ్ ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి కాబట్టి, కొనేటప్పుడు స్టార్లతో పాటు వాట్లు కూడా చూసుకోవాలి.

ఎల్‌ఈడీ సంగతి ఈ జిల్లావాళ్లకు కొత్త కాదు. ఇళ్లకు ఎల్‌ఈడీ బల్బులిచ్చే పథకం రాష్ట్రంలో 2014లో మొదలైనప్పుడు, ముందుగా అమలైన జిల్లాల్లో ఉమ్మడి అనంతపురం ఒకటి. ధర్మవరం మగ్గాల ఇళ్లలో ఇంకా చోక్ ట్యూబులైట్లు ఉంటే వాటిని మార్చడం తేలికైన పని. నేతకు వెలుతురు తగ్గదు, కరెంటు సగానికి పైగా మిగులుతుంది.

మిద్దె చల్లబడాలి

పగలంతా కాగిన బండల మిద్దె, ఆర్‌సీసీ కప్పు రాత్రి ఆ వేడిని ఇంట్లోకే వదులుతాయి. పైన తెల్ల సున్నం గానీ, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటు గానీ వేస్తే లోపల వేడి తగ్గుతుంది, కూలర్, ఏసీ వాడకం తగ్గుతుంది. ముందు పగుళ్లు పూడ్చుకోవాలి.

సోలార్ లెక్క

పైకప్పు మీద 1 కిలోవాట్ ప్యానెళ్లకు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు, నెలకు 120 వరకు వస్తాయి. 280 యూనిట్ల ఇంటికి 3 కిలోవాట్లు కావాల్సి ఉండగా, ఫ్యాన్లు మార్చాక మిగిలిన 199 యూనిట్లకు 2 కిలోవాట్లు చాలు. ముందు పొదుపు చేయమనేది అందుకే.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30 వేలు, మూడో కిలోవాట్‌కు 18 వేలు, గరిష్ఠంగా 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. దరఖాస్తు జాతీయ పోర్టల్‌లో చేసుకోవాలి. ఇక్కడ నెట్ మీటర్ బిగించేది ఏపీఎస్పీడీసీఎల్. పగలు మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు పోయి, రాత్రి వాడిన యూనిట్లలో తగ్గుతాయి.

ఒక్క మాట గుర్తుంచుకోవాలి. బ్యాటరీ లేని సోలార్, కరెంటు పోతే ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా చేసిన ఏర్పాటు అది. దుమ్ము పేరుకుంటే ఉత్పత్తి తగ్గుతుంది కాబట్టి ప్యానెళ్లను పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడే కడగాలి. నీళ్ల ట్యాంకు నీడ ఒక ప్యానెల్ మీద పడినా వరుస మొత్తం దెబ్బతినొచ్చు.

మస్జిద్‌లు, మదర్సాలు, షాదీఖానాలు

సూర్యఘర్ సబ్సిడీ నివాస గృహాలకే. మస్జిద్‌లు, మదర్సాలు, షాదీఖానాలు సొంత ఖర్చుతో పెట్టుకోవాలి, లేదా కంపెనీయే ప్లాంటు పెట్టి యూనిట్‌కు ఇంత అని తీసుకునే రెస్కో పద్ధతిలో పోవాలి. ఒప్పందం ఏళ్ల తరబడి ఉంటుంది కనుక కమిటీ అంతా చదివాకే సంతకం పెట్టాలి. వుజూ నీళ్ల మోటారును సాయంత్రం కాకుండా ఎండ ఉన్నప్పుడే వేసి ట్యాంకు నింపుకుంటే సోలార్ కరెంటు అక్కడికక్కడే వాడినట్టవుతుంది. పెనుకొండ లాంటి చారిత్రక ఊరిలో రక్షిత కట్టడాల మీద, వాటి పక్కన ఏం బిగించాలన్నా ముందు పురావస్తు శాఖ అనుమతి అడగాలి.

అద్దె ఇంట్లో ఉంటే?

చిక్కంతా ఇక్కడే. మిద్దె యజమానిది, బిల్లు అద్దెకున్నవారిది. యజమాని ఒప్పుకోనిదే ప్యానెల్ ఎక్కదు. అద్దె మగ్గం మీద బతికే కుటుంబానికి ఫ్యాన్లు, లైట్లే దిక్కు. ఇల్లు మారినా అవి వెంట వస్తాయి. యజమాని ప్యానెళ్లు పెట్టి, తగ్గిన బిల్లులో కొంత అద్దెలో కలుపుకునేలా ముందే రాతకోతలు చేసుకుంటే ఇద్దరికీ లాభమే.

గత 12 నెలల బిల్లులు ముందేసుకుని లెక్క మొదలుపెట్టాలి. ఏ నెలలో ఎన్ని యూనిట్లు కాలాయో తెలిస్తే, ఎంత సోలార్ కావాలో చెప్పడానికి అమ్మేవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు.