టార్గెట్ - గుఱి - ప్రయోజనము



విశాఖపట్టణపు రేవునందును, ఉక్కు కర్మాగారమునందును పనిచేయువారి నోట అనుదినము వినవచ్చు ఇంగ్లీషు మాట యొకటి కలదు. అది ‘టార్గెట్’. ఈ నెల టార్గెట్ అందినదని యొకడు సంతోషించును. అందలేదని వేఱొకడు నిద్రమానును. పండుగకు పల్లెకు వచ్చిన మనుమని నోట ఈ మాట విని, ‘అదేమి వస్తువు పంతులుగారూ?’ యని యొక వృద్ధుడు నన్నడిగెను. చిరకాలము బడిలో పదములకు అర్థములు చెప్పినవాడను గనుక వెంటనే ‘లక్ష్యము’ అంటిని. ఇంటికి వచ్చి యోచింపగా నా జవాబు సగమే యని తోచినది. తక్కిన సగమును నేడు మనవి చేయుదును.

ఈ మాట పుట్టుక విచిత్రమైనది. ప్రాచీన జర్మను కుటుంబపు భాషలలో ‘తార్గా’ యనగా డాలు. ఫ్రెంచివారు దానిని గ్రహించి, చిన్న డాలునకు అల్పార్థక ప్రత్యయము చేర్చి వేఱొక పేరు కల్పించిరి. ఆ పేరు 1400 ప్రాంతమున ఇంగ్లీషున జేరి, కత్తిదెబ్బ కాచుకొను గుండ్రని చిన్న డాలునకు వాచకమయ్యెను. గుఱిచూచి కొట్టు పలకయు గుండ్రనిదే గదా! ఆ పోలికచేత 18వ శతాబ్దమున పలకకును అదే పేరు వచ్చెను. 20వ శతాబ్దమున, రెండవ ప్రపంచ యుద్ధకాలమునుండి, ఇన్నాళ్లలో ఇంత సరకు తీయవలెనను అంకెకు ఆ పేరు స్థిరపడెను. రక్షించు వస్తువు తొలుత దెబ్బతిను వస్తువైనది. తుదకు వస్తువే పోయి అంకె మిగిలినది.

ఇక మన మాటలను జూతము. ‘లక్ష్యము’ సంస్కృతపదము, గుర్తించుట, చూచుట యను ధాతువునుండి పుట్టినది. తెలుగున ‘లక్ష్యపెట్టుట’ యనగా ఆదరముతో చూచుట. దానికి విరుద్ధమైనది ‘నిర్లక్ష్యము’. కావున లక్ష్యమునందే శ్రద్ధ యిమిడి యున్నది. అచ్చతెలుగు మాట ‘గుఱి’ ఇంతకంటెను లోతైనది. బాణము తగులవలసిన చోటు గుఱి. ‘ఆ వైద్యునిపై నాకు గుఱి’ యన్నచో నమ్మకమును గుఱియే. ‘నిన్ను గుఱించి’ యనునప్పటి ‘గుఱించి’యు దీని సంతతియే, ఉద్దేశించి యని దాని తాత్పర్యము.

అయినను గుఱి వేఱు, ప్రయోజనము వేఱు. శాస్త్రగ్రంథారంభమున నాలుగు సంగతులు చెప్పవలెనని పెద్దలు నియమించిరి. అవి విషయము, ప్రయోజనము, సంబంధము, అధికారి. ఇచట అధికారి యనగా కచేరీలో కూర్చుండువాడు కాడు. ఆ ఫలమునకు అర్హుడు. ‘ఎంత?’ యను ప్రశ్నకే టార్గెట్ బదులు చెప్పును. ‘ఎందులకు?’ అనుదానికి ప్రయోజనమును, ‘ఎవరికి?’ అనుదానికి అధికారియు బదులు చెప్పవలయును.

ఈ భేదము విశాఖ చరిత్రలో కన్నులకు గట్టినట్లు కానవచ్చును. 1933లో తెఱచిన రేవును కట్టునపుడు, డాల్ఫిన్ నోస్ కొండచెంత రెండు పాత ఓడలను ముంచి అలల దెబ్బకు అడ్డుగా నిలిపిరి. అవి పాత యర్థమున టార్గెట్లు, అనగా డాళ్లు. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అను నినాదము రాష్ట్రమెల్ల మ్రోగెను. టి. అమృతరావుగారు నిరాహారదీక్ష పూనిరి. ఆ యుద్యమమున 32 మంది ప్రాణములు గోల్పోయిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిరి. 64 గ్రామములవారు తమ భూములు విడిచిరి. వారు విడిచినది అంకెను జూచి కాదు. గుఱి యుంచి, అనగా నమ్మి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు ఆ కర్మాగారమును జాతికి అంకితము చేసిరి. అచటి బ్లాస్ట్ ఫర్నేసులకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లు పెట్టిరి. ఏటికి 30 లక్షల టన్నుల ద్రవ ఉక్కునకు కట్టిన సామర్థ్యము తరువాత 73 లక్షల టన్నులకు పెరిగినది.

అంకె పెరిగినది; కాని భూమి యిచ్చి కొలువుకై నిరీక్షించుచు వృద్ధులైనవారు కలరు. 2021 జనవరిలో ప్రభుత్వవాటా నంతయు విక్రయించుటకు కేంద్రము సూత్రప్రాయముగా సమ్మతించినది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సాయము ప్రకటించినది. ఈ రెండింటి నడుమ టన్నులను, కోట్లను గూర్చిన చర్చ విస్తారముగా జరిగినది. ‘అధికారి యెవరు?’ అను ప్రశ్న మాత్రము అంతగా వినరాలేదు.

ద్రోణుడు శిష్యులను పరీక్షించిన కథ మీరెఱుగుదురు. అర్జునునకు చెట్టు కానరాలేదు. పక్షి శిరస్సొక్కటియే కానవచ్చెను. విలుకానికది శ్లాఘ్యమే. కాని పదిమంది సొమ్ముతో, పదియూళ్ల భూమితో పని నడపువానికి చెట్టును కనబడవలయును, చెట్టునీడ నున్నవారును కనబడవలయును. లేకున్న లక్ష్యము నెఱవేఱుచుండగనే నిర్లక్ష్యము వాటిల్లును.

ఆ వృద్ధునికి నేను చెప్పవలసిన జవాబు ఇది. మీ మనుమడు టార్గెట్ అన్నపుడు ‘ఎంత నాయనా?’ యని యడుగుడు. అటుపిమ్మట ‘ఎవరిని గుఱించి?’ యనియు అడుగుడు.