ఉపగ్రహ పాఠాలు – మన భాష



ఇవాళ మనం ఫోన్‌లో పాఠాలు చూస్తున్నాం. కానీ మన జిల్లాకు ఆకాశం నుంచి పాఠాలు 1975లోనే వచ్చాయి. ఆ ఏడాది ఆగస్టు 1న ఇస్రో 'సైట్' అనే ప్రయోగం మొదలుపెట్టింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు ఏడాదిపాటు టీవీ కార్యక్రమాలు అందాయి. వాటిలో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలూ ఉన్నాయి. మన పెబ్బేరు అప్పుడు ఆ జిల్లాలోనిదే. పొద్దున బడిపిల్లలకు విజ్ఞానం, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. ఒక్క టీవీ ముందు ఊరి జనం కలిసి కూర్చునేవారు.

అయితే ఆ కార్యక్రమాలు హిందీ, తెలుగు, కన్నడ, ఒరియా భాషల్లోనే వచ్చాయి. మన గోర్‌బోలీలో రాలేదు.

2020 సెప్టెంబర్ 1న కరోనా వల్ల టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. అప్పుడు మా హాస్టల్ పిల్లలు తండాల్లో ఉన్నారు. ఇంటికి ఒకే ఫోన్, అదీ నాయనతో పాటు పనికి పోయేది. పాఠం ఉన్నంత మాత్రాన అందరికీ అందదని మేము అప్పుడే తెలుసుకున్నాం.

ఇప్పుడు ఫోన్ మీ చేతిలో ఉంది. టీ-శాట్ విద్య, నిపుణ పాఠాలు, ఇస్రో రాకెట్ ప్రయోగాలు చూడండి. ఒక్కరే కాదు, చెల్లెనూ పక్కన కూర్చోబెట్టుకోండి. మన అవ్వ పాడే తీజ్ పాటను, అద్దాల కుట్టుపనిని మన భాషలోనే వీడియో తీయండి. పేరు, తండా, తేదీ రాసి పెట్టండి. 1975లో రాని పాఠం మనమే తయారు చేద్దాం.