వారానికి పది ప్రశ్నలు

మా బరంపురంలో తెలుగువారి పఠనమందిరం వరండాలో ఒక నల్లబల్ల ఉన్నది. ప్రతి ఆదివారం ఉదయం దానిమీద పది ప్రశ్నలు వ్రాస్తాము. జవాబులను కాగితంమీద వ్రాసి, శనివారం సాయంత్రంలోగా పక్కనున్న రేకుపెట్టెలో వేయాలి. బహుమానం గొప్పదేమీ కాదు. ఒక పుస్తకమో, ఒక కలమో. ఉగాది సంచికకు చరిత్ర వ్యాసం కావాలని మిత్రులు కోరినప్పుడు, ఈ నల్లబల్ల మాకు నేర్పిన చరిత్రనే చదువరుల ముందుంచుదామని తోచినది.

ఇటువంటి పోటీలు మన దేశానికి కొత్తవి కావు. కలకత్తాలో 1967లో నీల్ ఓబ్రయన్‌గారు అందరూ పాల్గొనే క్విజ్ పోటీ నడిపారు. 1972లో బోర్న్‌వీటా క్విజ్ కాంటెస్టు మొదలైనది. అది రేడియోకెక్కిన తరువాత, అమీన్ సయానీగారు ప్రశ్న అడగగానే ఇంట్లో అందరికంటె ముందు జవాబు అరవాలని ఆరాటపడినవారు మాలో చాలామంది ఉన్నారు. అరిచిన జవాబు తప్పయితే ఆ పూట అన్నం సహించేది కాదు!

అయితే తెలుగులో లోకజ్ఞానం పోగుచేయాలన్న తపన అంతకంటె పాతది. నాగపురంలో చదువుకొని, మరాఠీలో సైతం వ్యాసాలు వ్రాసిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి పూనుకొని మూడు సంపుటాలు వెలువరించారు. 1923లో ఆయన కాలధర్మం చెందిన తరువాత ఆ భారాన్ని తలకెత్తుకొన్నది కాశీనాథుని నాగేశ్వరరావుపంతులుగారు. ఆ పంతులుగారి ఆంధ్రపత్రిక 1908లో ఏ ఊళ్లో పుట్టినదని ఒకసారి అడిగాము. పెద్దలందరూ మద్రాసు అని వ్రాశారు. పుట్టినది బొంబాయిలో. మద్రాసుకు తరలినది 1914లో. బయట ఉన్న తెలుగువారు తెలుగుకు చేసిన పని బయట ఉన్న మనకే గుర్తు లేదన్నమాట.

ఇక అసలు సంగతికి వస్తాము. మొదటి రెండు నెలలూ మేము వేసినవి దేశాల రాజధానులు, నదుల పొడవులు, గ్రహాల సంఖ్య వంటివి. పిల్లలు చేతిఫోనులో చూసి క్షణంలో వ్రాసి పడేశారు. పదికి పది మార్కులు వచ్చిన కాగితాలు పెట్టెనిండా ఉన్నవి. అప్పుడు మా కార్యవర్గంలోని ఒక తాతగారు సుద్దముక్క తీసుకొని పదవ ప్రశ్న తానే వ్రాశారు: “1936 మార్చి 31 రాత్రి ఒక రాష్ట్రంలో నిద్రపోయి, మర్నాడు మరొక రాష్ట్రంలో లేచినవారెవరు?”

ఆ వారం ఒక్క జవాబూ రాలేదు.

జవాబు మా తాతముత్తాతలే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రం ఏర్పడినది. అంతవరకు మద్రాసు రాజధానిలో ఉన్న గంజాం జిల్లాలో అధికభాగం, బరంపురంతో సహా, అందులో చేరినది. దక్షిణపు భాగం విశాఖపట్టణం జిల్లాకు పోయినది. ఇల్లు మారలేదు, వీధి మారలేదు, నూతిలో నీళ్లు మారలేదు, చిరునామా మారినది. పర్లాకిమిడి కూడా అటే వెళ్లినది. అక్కడ రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడై, వాడుకభాషకోసం దశాబ్దాలు పోరాడి, సవరల భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తిపంతులుగారు ఆ ఏడే ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో కన్నుమూశారు. ఆయన వెళ్లారు, మనవారు ఉండిపోయారు. ఎవరిది సరియైన నిర్ణయమని అడిగే ప్రశ్న మేము బల్లమీద వ్రాయలేదు, వ్రాయము కూడా.

మరొక వారం వరాహగిరి వెంకటగిరిగారి జన్మస్థలం అడిగాము. 1969 నుంచి 1974 వరకు రాష్ట్రపతిగా ఉన్న ఆయన 1894లో మా ఊళ్లోనే పుట్టారు. ఒకమ్మాయి “బరంపురం, ఒడిశా” అని వ్రాసినది, ఆమె మేనమామ “బరంపురం, మద్రాసు రాజధాని” అని వ్రాశాడు. మేనమామకూ మేనకోడలికీ అరగంట వాదం. ఇద్దరికీ మార్కు ఇచ్చాము. కొందరు సభ్యులు దీనిని పిరికితనమన్నారు. మాకు మాత్రం వేరే న్యాయం కనబడలేదు.

అప్పుడు లేచిన ప్రశ్న ఇది: సరిహద్దే మన మీదికి వచ్చినప్పుడు, మనలను ప్రవాసాంధ్రులనడం సబబా? ఈ మాటకు మేము సంతోషించేలోగా ఒక సాలె పెద్దాయన అడ్డు తగిలారు. “మీ సంగతి మీది, బాబూ. మావాళ్లు నిజంగానే మగ్గాలు మోసుకొని వచ్చారు” అన్నారు. నిజమే. బరంపురం పట్టుకు పేరు తెచ్చిన దేవాంగులు ఆంధ్రం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. రెండేళ్లకొకసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో అమ్మవారు తన పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు నేతవారి కులపెద్ద దేశిబెహరాది. వలస వచ్చినవారి ఇంటిని ఊరి దేవతకే పుట్టిల్లు చేసిన ఊరు ఇది! అంతటి గౌరవం సరిహద్దు మార్పుతో ఇక్కడివారమైన మాకు దక్కలేదు మరి.

కనుక ఇప్పుడు పదవ ప్రశ్న ప్రతి వారమూ ఒక్కటే: “మీ వంశం ఏ ఊరిది? ఎప్పుడు, ఎందుకు ఇక్కడికి చేరింది? లేక ఎప్పుడూ ఇక్కడిదేనా?” దీనికి ఫోనులో జవాబు లేదు. నాయనమ్మల దగ్గరికి పోవాలి. కొందరి ఇళ్లలో ఆ నాయనమ్మలు నిరుడే పోయారు. ఒక ఇంటివారు ట్రంకుపెట్టె అడుగున దొరికిన పాత దస్తావేజు తెచ్చారు. అందులో ఊరిపేరున్న మూల చెదలు తిన్నది.

ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి పెట్టెలో ఏడు కాగితాలున్నవి. ఒకదానిని మొదట మేము చదవలేక పక్కన పెట్టాము. తరువాత పైకి చదివించుకొని వింటే, అది మా అమ్మమ్మ మాట్లాడే తెలుగే. పన్నెండేళ్ల కుర్రవాడు దానిని ఒడియా లిపిలో వ్రాశాడు.